తీర్పులో కాలం, జైలులో కాలం

యావజ్జీవ శిక్ష అంటే పద్నాలుగేళ్ళేనని మనలో చాలామంది నమ్మకం. ఇంకొంచెం తెలుసుననుకునేవాళ్ళు మరొక మాట కూడా కలుపుతారు: జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు కింద లెక్కట, కనుక పద్నాలుగేళ్ళంటే అసలుకు ఏడేళ్ళేనట. ఈ మాట తరగతిలో ఒక విద్యార్థి అన్నాడు. సగంమంది తలలూపారు. మిగిలిన సగం నావైపు చూశారు, మాస్టారు కాదంటాడేమోనని.

రెండూ నిజం కాదు. కాని ఒక అబద్ధాన్ని ఇంతమంది ఇంతకాలంగా నమ్ముతూ వస్తే, అది అబద్ధమని చెప్పి ఊరుకోవడం విమర్శకుడి పని కాదు. దాని వెనుక రెండు అనుభవాలు ఉన్నాయి. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు ఎంత ఘోరం చేసి లోపలికి పోయినా త్వరలోనే తిరిగి వచ్చి ఊళ్ళో మీసం మెలివేయడం జనం చూశారు; "పగలు ఒకటి, రాత్రి ఒకటి" అనే లెక్క అక్కడ పుట్టింది. రెండో అనుభవం దిక్కులేనివాడి ఇంటిది. కొడుకు జైల్లో ఉన్న తల్లికి ఆ లెక్క నిందావాక్యం కాదు, ఆశ. ఒకే తప్పుడు లెక్కను ఒకరు కోపంతోనూ మరొకరు ఆశతోనూ నమ్ముతున్నారు. కోర్టు చెప్పిన కాలానికీ, మనిషి లోపల గడిపిన కాలానికీ మధ్య ఏదో జరుగుతున్నదని ఇద్దరికీ తెలుసు. ఏమి జరుగుతున్నదో ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఈ విషయంలోకి దిగడానికి కారణం సాహిత్యమే. మన కథల్లో నవలల్లో నేరం ఉంటుంది, పోలీసు స్టేషను ఉంటుంది, కోర్టు తప్పకుండా ఉంటుంది. న్యాయమూర్తి కళ్ళజోడు సవరించుకుని "పదేళ్ళ కఠిన కారాగార శిక్ష" అంటాడు. అక్కడితో కథ ముగుస్తుంది. ముగియకపోతే తరువాతి ప్రకరణంలో పాత్ర నెరిసిన గడ్డంతో జైలు గేటు దాటి బయటికి వస్తుంది. సినిమాలో అయితే క్యాలెండరు కాగితాలు గాలికి ఎగురుతాయి. ఆ పదేళ్ళు ఎట్లా గడిచాయో, పదేళ్ళు ఎనిమిది ఎట్లా అయినాయో, లేక పదమూడు ఎట్లా అయినాయో రచయిత చెప్పడు. తీర్పును అతడు న్యాయమూర్తి కంటే ఎక్కువగా నమ్ముతాడు. అభ్యుదయ రచయితలం అని చెప్పుకునే మనం కూడా ఈ అలవాటు నుంచి పూర్తిగా బయటపడలేదు.

పందొమ్మిదో శతాబ్దపు వాస్తవికవాదులు ఈ పని చేసి చూపించారు. విక్టర్ హ్యూగో "లె మిజరాబ్లా" (1862) మనకు కొత్తది కాదు. "బీదల పాట్లు" పేరుతో 1950లో తెలుగు తెరమీదికి కూడా వచ్చిన కథే. జాన్ వాల్జాన్ రొట్టె దొంగిలించి పందొమ్మిదేళ్ళు శిక్ష అనుభవించాడని అందరం చెప్పుకుంటాం. ఇది సగం మాత్రమే నిజం. రొట్టెకు పడినది ఐదేళ్ళు. మిగిలిన పద్నాలుగేళ్ళు తప్పించుకోబోయినందుకు. హ్యూగో ఈ లెక్కను పద్దు రాసే గుమస్తా లాగా వివరంగా చెబుతాడు: మొదటిసారి పారిపోయినందుకు మూడేళ్ళు. రెండోసారి పారిపోయి, పట్టుకోవచ్చినవాళ్ళను ఎదిరించినందుకు ఐదేళ్ళు. మూడోసారి మూడు. నాలుగోసారి అతడు బయట ఉన్నది నాలుగు గంటలే, దానికీ మూడేళ్ళే. 1796లో లోపలికి పోయిన మనిషి 1815లో బయటికి వచ్చాడు.

విమర్శకులు బిషప్పుగారి వెండి దీపస్తంభాల మీద రాసినన్ని పేజీలు ఈ నాలుగు గంటల మీద రాయలేదు. నా అభిప్రాయంలో నవల బలమంతా ఈ లెక్కలో ఉన్నది. దీపస్తంభాలు ఒక మంచి మనిషి దయను చూపుతాయి. లెక్క ఒక వ్యవస్థ పనితీరును చూపుతుంది. మొదటి ఐదేళ్ళు విధించినది నేరాన్ని విచారించిన కోర్టు. తరువాతి పద్నాలుగేళ్ళకు కారణం జైలే. అంటే శిక్ష తనకు తానే పిల్లలు పెట్టింది. పల్లెటూళ్ళో అప్పుకు వడ్డీ, వడ్డీకి వడ్డీ ఎట్లా పెరుగుతుందో తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పందొమ్మిదేళ్ళ చాకిరీకి వాల్జాన్ చేతికి వచ్చిన కూలి 109 ఫ్రాంకులు, 15 సూలు. అతడు వేసుకున్న లెక్క ప్రకారం ఇంకా ఎక్కువ రావాలి. ఆదివారాలూ పండుగలూ పని లేని రోజులు గనుక ఆ మేరకు కోత పడింది. బయటికి వచ్చాక పచ్చ కాగితం ఒకటి చేతికి ఇచ్చారు. అది చూసి ఏ పూటకూళ్ళ ఇల్లూ అన్నం పెట్టలేదు. శిక్ష ముగిసిందని ప్రభుత్వం అన్నది, ముగియలేదని కాగితం అన్నది.

హ్యూగోకు పరిమితులు లేవని కాదు. సమస్యను సమాజంలో చూసి పరిష్కారాన్ని ఒక మనిషి హృదయంలో వెతికాడని మన విమర్శకులు ఎన్నోసార్లు చెప్పారు; అది సరైన మాటే. కాని హృదయం దగ్గరికి పోకముందు అతడు కూడికలు సరిగా చేశాడు.

టాల్‌స్టాయ్ "పునరుత్థానం" (1899) లో కత్యూషాకు నాలుగేళ్ళ కఠిన శిక్ష పడటానికి కారణం ఆమె నేరం కాదు, జ్యూరీవాళ్ళు రాయడం మరిచిన ఒక్క వాక్యం. ప్రాణం తీసే ఉద్దేశం లేదని చేర్చవలసినవాళ్ళు చేర్చలేదు. ఆ రోజు పని త్వరగా ముగించుకుని వెళ్ళాలనే తొందర న్యాయమూర్తికి కూడా ఉన్నది. నాలుగు అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడదు, మనుషుల చేతుల్లో తయారవుతుంది. ఇది చూపడంలో టాల్‌స్టాయ్‌ని మించినవాడు లేడు.

చెఖోవ్ విషయం కొంచెం ఆగి చూడవలసినది. 1889 మొదట్లో అతడు "పందెం" అనే కథ ప్రచురించాడు. మరణశిక్ష నయమా, యావజ్జీవ ఖైదు నయమా అని విందులో వాదన వస్తుంది. పాతికేళ్ళ యువ వకీలు ఒకడు, ఎట్లాగైనా బతికి ఉండటమే నయమంటాడు. బ్యాంకరు ఇరవై లక్షలు పందెం కాస్తాడు. ఐదేళ్ళు చాలన్నా, వకీలు తానే పదిహేనేళ్ళు ఉంటానంటాడు. 1870 నవంబరు 14 పన్నెండు గంటలకు మొదలై 1885 నవంబరు 14 పన్నెండు గంటలకు గడువు ముగియాలి. గడువుకు ఐదు గంటల ముందు అతడు డబ్బు వద్దనుకుని వెళ్ళిపోతాడు.

గొప్ప కథ అంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఇప్పుడు చదివితే ఆ కథలో ఒక బోలు కనిపిస్తున్నది. ఆ ఖైదీ తానై లోపలికి పోయాడు. కావలసిన పుస్తకాలు, సంగీతం, మద్యం అన్నీ కిటికీలోంచి వస్తాయి. చాకిరీ లేదు, వార్డరు లేడు, ఇంటి దగ్గర ఆకలితో ఉన్న పిల్లలు లేరు. అన్నిటికీ మించి, తాను ఎప్పుడు బయటికి పోతాడో నిమిషంతో సహా అతడికి తెలుసు. ఏ జైల్లోనైనా ఖైదీకి లేనిది సరిగ్గా అదే. ఐదు గంటల ముందు లేచిపోగలిగినవాడు ఖైదీయే కాదు. ఆ కథ వేదాంత చర్చ. కాలాన్ని గురించిన కథ కాదు.

ఈ లోపం చెఖోవ్‌కు తెలుసునో లేదో చెప్పడం కష్టం. కాని మరుసటి సంవత్సరం, 1890లో, క్షయ లక్షణాలున్న శరీరంతో సైబీరియా అంతా దాటి సఖాలిన్ ద్వీపానికి వెళ్ళాడు. అక్కడ మూడు నెలలు ఇంటింటికీ తిరిగి దాదాపు పదివేల కార్డులు నింపాడు. ఒక్కొక్క కార్డులో మనిషి పేరు, వయస్సు, ఊరు, చదువు, పెళ్ళి, ఏ సంవత్సరం ఇక్కడికి వచ్చాడు అనే వివరాలు. వచ్చిన సంవత్సరానికి గడి ఉన్నది. వెళ్ళే సంవత్సరానికి గడి లేదు, ఎందుకంటే సఖాలిన్‌లో ఆ ప్రశ్నకు అర్థం లేదు. కఠిన శిక్ష ముగిసినవాడు అక్కడే స్థిరవాసిగా నేల దున్నాలి. కొన్నేళ్ళకు రైతు అనిపించుకుంటాడు. అయినా తన సొంత ఊరికి దారి మూసే ఉంటుంది. నాలుగేళ్ళు పడినవాడూ ఇరవై ఏళ్ళు పడినవాడూ చివరికి ఆ మంచులోనే కలుస్తారు. కోర్టు కాగితం మీద శిక్షకు హద్దు ఉన్నది, ద్వీపం మీద లేదు. "పందెం" కథ రాసిన చేయే "సఖాలిన్ ద్వీపం" రాసిందంటే, వాస్తవికత అనేది రచయితకు పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, నడిచి వెళ్ళి సంపాదించుకునేదనీ ఒప్పుకోవలసి వస్తుంది.

దోస్తోయెవ్‌స్కీకి నడిచి వెళ్ళే అవసరం లేకపోయింది. సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. 1849లో మరణశిక్ష విధించి, కాల్చే చోట నిలబెట్టి, చివరి క్షణంలో నాలుగేళ్ళ కఠిన శిక్షగా మార్చారు. ఓమ్‌స్క్‌లో ఆ నాలుగేళ్ళ అనుభవమే "మృతుల గృహం". అందులో ఒక ఖైదీ ఉంటాడు. జైలు చుట్టూ పాతిన గుంజలు సుమారు పదిహేను వందలు. ఒక్కొక్క గుంజ ఒక్కొక్క రోజు. రోజుకు ఒక గుంజ వదిలేసి, మిగిలినవి ఎన్నో ఒక వైపు నుంచి చూసుకుంటూ వస్తాడు. ఆ వైపు అయిపోతే అతడికి పండుగ. మొత్తం పుస్తకంలో నాకు మరపురానిది ఈ మనిషే. మనోవిశ్లేషణ అంతా ఒక ఎత్తు, ఈ గుంజలు ఒక ఎత్తు. లెక్కపెట్టుకునే హక్కు కూడా ఒక ఆస్తి అని అతణ్ణి చూస్తే తెలుస్తుంది.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ గుంజలు ఎన్నో ఎవరికీ తెలియదు.

వలస పాలన నాటి మాట ద్వీపాంతరవాస శిక్ష. మన పెద్దలకు ఆ మాట వింటే అండమాన్ కళ్ళకు కట్టేది. 1955లో పార్లమెంటు శిక్షాస్మృతిని సవరించి, 1956 జనవరి 1 నుంచి దాని స్థానంలో యావజ్జీవ ఖైదు అని రాసింది. ఎన్నేళ్ళు? పాత శిక్షాస్మృతి 57వ సెక్షనులో ఇరవై ఏళ్ళు అనే అంకె ఒకటి కనిపిస్తుంది. కాని అది శిక్షలో సగం, పావు అని భాగాలు కట్టవలసి వచ్చినప్పుడు వాడుకునే కొలబద్ద మాత్రమే. గాంధీ హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిన గోపాల్ గాడ్సే, రెమిషనుతో కలిపితే తనకు ఇరవై ఏళ్ళూ నిండినాయని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1961లో కోర్టు ఒప్పుకోలేదు. యావజ్జీవం అంటే బతికి ఉన్నంతకాలం అన్నది. ఆలోగా విడుదల చేయడమా మానడమా అన్నది ప్రభుత్వం ఇష్టం. అప్పటి నుంచి ఇదే సూత్రం.

పద్నాలుగు అనే అంకె ప్రజల నోట్లోకి ఎప్పుడు వచ్చిందో గాని, చట్టంలో దానికి గట్టి చోటు దొరికింది 1978లో. క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 433-ఎ అనే సెక్షను చేర్చారు. మరణశిక్ష కూడా విధించదగిన నేరానికి యావజ్జీవం పడినవాణ్ణీ, మరణశిక్ష యావజ్జీవంగా మారినవాణ్ణీ పద్నాలుగేళ్ళు వాస్తవంగా లోపల గడపకుండా విడిచిపెట్టగూడదు. ఇది కిందిహద్దు. జనం దాన్ని పైహద్దు అనుకుంటున్నారు. 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షనును సమర్థించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఇదే 475వ సెక్షను అయింది. ఈ మధ్యలో కోర్టులు మరొక మెట్టు ఎక్కాయి: 2008లో శ్రద్ధానంద కేసు, దాన్ని ఖాయం చేస్తూ 2015లో శ్రీహరన్ కేసు. రెమిషను వర్తించకుండా ఇన్నేళ్ళు అని గాని, చచ్చేదాకా అని గాని పై కోర్టులే ముందుగా చెప్పవచ్చునన్నారు. 2013 సవరణ తరువాత కొన్ని నేరాలకు "శేష జీవితమంతా" అనే మాట చట్టంలోకే వచ్చింది.

ఒకవైపు కాలం ఇట్లా పొడుగు అవుతూ ఉంటే, మరోవైపు పొట్టి చేసే తలుపులు కూడా ఉన్నాయి. సత్ప్రవర్తనకు, పనికి నెలకు ఇన్ని రోజులని జైలు మాన్యువలు తగ్గిస్తుంది. రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నరుకు 161వ అధికరణం క్షమాధికారం ఇస్తున్నాయి. రిపబ్లిక్ డేకో, ఆగస్టు పదిహేనుకో, గాంధీ జయంతికో జీవో వస్తుంది. గేటు దగ్గర ఫొటోలు తీస్తారు. చట్టం ప్రకారం కాలానికి అంతం లేదు. మాన్యువలు ప్రకారం తరుగుతూ ఉంటుంది. జీవో ప్రకారం పండుగ రోజున ముగుస్తుంది. తన కాలం వీటిలో దేని కింద నడుస్తున్నదో ఖైదీకి తెలియదు. దోస్తోయెవ్‌స్కీ ఖైదీకి ఉన్న సౌకర్యం మన యావజ్జీవ ఖైదీకి లేదు.

ఆ తలుపులు ఎవరికి తెరుచుకుంటాయి? ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక ఉదాహరణ చాలు. పదేళ్ళ శిక్ష పడిన ఒక పాలకపక్షపు మనిషికి మిగిలిన శిక్షను గవర్నరు పేరుతో రద్దు చేశారు. అతడు మంచి కాంగ్రెసు కార్యకర్త అని అధికారి నివేదికలో రాసి ఉన్నది. 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పార్టీ, కులం, మతం చూసి క్షమించడానికి వీల్లేదన్నది. కోర్టు మాటను మెచ్చుకోవచ్చు. నాకు మాత్రం ఆ నివేదిక రాసిన అధికారి మీద ఎక్కువ కుతూహలం. "మంచి కార్యకర్త" అనే మాట ఒక ప్రభుత్వ ఫైలులో అర్హతగా రాయడానికి అతడి చేయి వణకలేదు. గోగోల్ ఉంటే ఆ మనిషి మీద కథ రాసేవాడు.

ఇంతవరకు చెప్పినది శిక్ష పడినవాళ్ళ సంగతి. మన జైళ్ళలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్ళు కారు. 2022 చివరినాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. నలుగురిలో ముగ్గురు. తీర్పుతో ముగిసే మన కథల్లో వీళ్ళకు చోటే లేదు, వీళ్ళకు తీర్పు ఇంకా రాలేదు గనుక. తీర్పుకు ముందు గడిచిన కాలాన్ని శిక్షలో మినహాయించే నియమం కూడా 1973 నాటి కోడు వచ్చిన తరువాతనే వచ్చింది. అంతకు ముందు ఆ రోజులు ఏ పద్దులోనూ పడేవి కావు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళ సంగతి బయటపడింది: నేరం రుజువైతే పడగల పూర్తి శిక్ష కంటే ఎక్కువకాలం విచారణలోనే గడిపినవాళ్ళు అక్కడ ఉన్నారు. అందులో సగం గడిపినవాణ్ణి విడిచిపెట్టాలనే సెక్షను రావడానికి 2006 దాకా పట్టింది. కొత్త సంహిత 479వ సెక్షను అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడికి దాన్ని మూడోవంతుకు తగ్గించింది. బాగానే ఉన్నది. కాని ఆ సెక్షనులోనే రెండో భాగం చూడండి: ఒకటికి మించి కేసులున్నవాడికి ఇది వర్తించదు. సైకిలు దొంగతనం మీద పట్టుకున్నవాడి నెత్తిన పోలీసులు ఇంకో నాలుగు దొంగతనాలు రుద్దడం మన ఊళ్ళలో తెలియనిదా? ఉద్యమకారుల మీద ఒక జిల్లాలో బెయిలు రాగానే మరో జిల్లా కేసు సిద్ధంగా ఉండటం ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పాలా? ముందు తలుపుగుండా ఇచ్చినది దొడ్డితలుపుగుండా తీసుకోవడమంటే ఇదే.

బీహారులోనే రుదుల్ సా అనే మనిషి ఉన్నాడు. 1968 జూన్ 3న కోర్టు అతణ్ణి నిర్దోషి అన్నది. జైలు అతణ్ణి వదిలినది 1982 అక్టోబరు 16న. పద్నాలుగేళ్ళకు పైన. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్ళనే సామెత ఈ దేశంలో ఒక మనిషి విషయంలో అక్షరాలా నిజమైంది, అతడు నిర్దోషి. 1983లో సుప్రీంకోర్టు అతడికి ముప్ఫై వేలు ఇప్పించింది, అంతకుముందు ప్రభుత్వం ఇచ్చిన ఐదు వేలకు అదనంగా. వాల్జాన్ 109 ఫ్రాంకులు గుర్తుకు వస్తే అది నా తప్పు కాదు.

ఇది పాతకాలపు సంగతి అనేవాళ్ళకు మన అమలాపురం వాడు జి.ఎన్. సాయిబాబా ఉన్నాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన లెక్చరరు. చక్రాల కుర్చీ లేనిదే కదలలేని మనిషి. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2022 అక్టోబరులో హైకోర్టు నిర్దోషి అన్నది. ఆ మరునాడే సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ నిర్దోషి అన్నది. మార్చి 7న నాగపూరు జైలు నుంచి బయటికి వచ్చాడు. సరిగ్గా ఏడేళ్ళు, తీర్పుకు ముందు లోపల గడిపినది దీనికి అదనం. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాదులో చనిపోయాడు. చట్టం దృష్టిలో అతడు అనుభవించిన శిక్ష సున్నా, ఎందుకంటే శిక్షే లేదు. మన తరగతి గదిలోని "పద్నాలుగంటే ఏడే" అనే మాట ఇక్కడ కూడా ఎంత వికృతంగా సరిపోయిందో చూడండి.

సాయిబాబా జైలు నుంచి ఉత్తరాలూ కవితలూ రాశాడు. వరవరరావు 1985-89 మధ్య జైలులో రాసిన "సహచరులు" మనకు ఉన్నది. నిజామాబాదు జైలు గోడమీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి ఉన్నాడు. రాజకీయ ఖైదీ సాహిత్యంలో తెలుగు ఏ భాషకూ తీసిపోదు. కాని ఇక్కడ మనం ఒక ఆత్మవిమర్శ చేసుకోవలసి ఉన్నది. రాజకీయ ఖైదీ రాయగలడు. అతడికి పార్టీ ఉన్నది, వకీలు ఉన్నాడు, ఉత్తరం కోసం ఎదురుచూసే పాఠకుడు ఉన్నాడు. పక్క బ్యారక్‌లో దొంగతనం మీదో, తాగిన మత్తులో హత్య మీదో వచ్చినవాడికి ఇవేమీ లేవు. జరిమానా కట్టలేక, కట్టకపోతే మరి ఆరు నెలలు అన్న వాక్యం కింద ఆరు నెలలూ ఉండిపోయేవాడు అతడు. మన జైలు సాహిత్యంలో అతడు చాలాసార్లు నేపథ్యంలో నీళ్ళు మోస్తూ కనిపిస్తాడు. దాశరథితో పాటు అదే నిజామాబాదు జైలులో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి ఒక్కడు ఈ విషయంలో ప్రత్యేకంగా కనిపిస్తాడు. "జైలు లోపల" కథల్లో అతడు తన సంకెళ్ళ మీద కాకుండా పక్కవాడి జీవితం మీద చూపు నిలిపాడు. "ప్రజల మనిషి" మీద మనం రాసినదానిలో పదో వంతు ఆ చిన్న పుస్తకం మీద రాయలేదు. నవల కనుక గొప్పది, కథలు కనుక చిన్నవి అనే లెక్క మనకూ ఉన్నట్టున్నది.

ఇప్పుడు అసలు చిక్కు. దీన్ని దాటవేసి ఈ వ్యాసం ముగించడం నాకు నిజాయితీ అనిపించదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఇరవై ఒక్కమందికి యావజ్జీవం, ముప్ఫై ఐదుమందికి ఒక్కొక్క ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. గుజరాత్‌లో 2002 మారణకాండలో ఒక ముస్లిం మహిళపై సామూహిక అత్యాచారం చేసి, ఆమె కుటుంబంవాళ్ళను చంపిన పదకొండుమంది యావజ్జీవ ఖైదీలను 2022 ఆగస్టు 15న రెమిషను పేరుతో వదిలారు. దండలు వేసి మిఠాయిలు పంచారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి వాళ్ళను తిరిగి జైలుకు రమ్మన్నది. మనం సంతోషించాం. నేనూ సంతోషించాను.

సంతోషించిన మనమే నిన్నటిదాకా రెమిషను ఖైదీ హక్కు అన్నాం, చచ్చేదాకా జైలు అమానుషం అన్నాం. మరి ఈ రెండు మాటలకూ పొంతన ఏది? పొంతన అక్కరలేదు, మనవాళ్ళయితే వదలాలి, వాళ్ళయితే వదలగూడదు అనే మిత్రులు ఉన్నారు. వాళ్ళ ఆవేశం నాకు అర్థమవుతుంది, వాదం ఒప్పుకోలేను. "మంచి కార్యకర్త" అని ఫైలులో రాసిన అధికారి వాదం కూడా సరిగ్గా ఇదే. ఎన్నేళ్ళు గడిచాయన్నది ఒక్కటే చూస్తే ఆ పదకొండుమందీ పద్నాలుగు దాటినవాళ్ళే. తప్పు అంకెలో లేదు. విచారణ మహారాష్ట్రలో జరిగినందున గుజరాత్ ప్రభుత్వానికి ఆ అధికారమే లేదన్నది కోర్టు చెప్పిన కారణం. మనం చూడవలసినది మరొకటి ఉన్నది: అదే పద్నాలుగేళ్ళు నిండి, వెలుపల దండలు వేసేవాళ్ళు లేని ఎంతోమంది దరఖాస్తులు బీరువాల్లో ఉన్నాయి. ఒకరికి నియమం, ఒకరికి దయ కావడమే అన్యాయం. రెమిషను దయ కాకుండా అందరికీ ఒకే కొలతగా, కారణం రాతలో చూపించేదిగా, బాధితుల మాట కూడా వినేదిగా ఉండాలని అడగడంలో ఎవరికీ సిగ్గుపడవలసిన పని లేదు. అది జరిగిన రోజున ఆ పదకొండుమందిలో కూడా ఎవడో ఒకడు ముసలివాడై బయటికి రావచ్చు. ఆ మాట ఒప్పుకోవడం నాకు సులభం కాదు. అయినా ఒప్పుకుంటున్నాను.

చుండూరు విషయంలో శిక్ష ఎంత తక్కువ అన్న చర్చే జరిగింది. 1991 నుంచి 2007 దాకా పదహారేళ్ళు. చచ్చిపోయినవాళ్ళ భార్యలు, సాక్ష్యం చెప్పవలసినవాళ్ళు, ఊరు విడిచి వచ్చినవాళ్ళు ఆ కాలమంతా వాయిదాలు లెక్కపెట్టుకున్నారు. ఏ జైలు మాన్యువలూ వాళ్ళకు నెలకు ఇన్ని రోజులని తగ్గించలేదు. చుండూరు మీద మనకు ఆవేశంతో రాసిన కవితలు వచ్చాయి. హత్య జరిగిన రోజు మీద వచ్చాయి. కోర్టు బల్లమీద ఒకే సాక్షి ఏడో ఏట, పదో ఏట, పదిహేనో ఏట అదే రోజును మళ్ళీ చెప్పడానికి కూర్చున్న కాలం మీద ఒక నవల కావాలి. హ్యూగో లాగా కూడికలు వేసి, చెఖోవ్ లాగా ఇంటింటికీ నడిచి రాసే నవల. ఆ సాక్షుల్లో చాలామంది ఇంకా గుంటూరు, తెనాలి చుట్టుపక్కలే ఉన్నారు.